అక్కతో ఇరియోమొతె దాకా

ఇరియోమొతె దీవిలో, జలపాతానికి వెళ్ళే అడవి దారిలో, మా అక్కను నేను కసురుకున్నాను. మూడేళ్ళయింది. ఆ దీవుల్లో మేమిద్దరం ఇంకా చాలా చూశాం. కానీ ఎవరైనా జపాన్ ఎలా ఉందని అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది ఆ దారి పక్కన ఒక మోడు మీద కూర్చుని నావైపు చూస్తున్న అక్క మొహమే.

అక్క నాకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. అంతకు ముందు ఏడాదే అక్క పెళ్ళయింది. ఆ ఏడాది తిరక్కుండానే బావ లారీ ప్రమాదంలో పోయాడు. అక్క కొత్వాల్‌గూడలో మా ఇంటికి తిరిగివచ్చి నాకు జడ వేయడం మొదలుపెట్టింది. మళ్ళీ పెళ్ళి మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు. బాపు ఉన్నన్నాళ్ళు ఆయనతో కలిసి బర్రెలను సాకింది, బాపు పోయాక ఒక్కతే సాకింది. పొద్దున్నే శంషాబాద్‌లో అపార్ట్‌మెంట్లకు పాలు పోసి వచ్చి, బర్రెలను హిమాయత్ సాగర్ ఒడ్డుకు తోలుకుపోయేది. నేను చదివిన చదువంతా ఆ పాలమీదే చదివాను.

నేను జపాన్ భాష నేర్చుకుని కొత్తూరులో ఒక ఫ్యాక్టరీలో చేరాను. కొత్త మిషన్లు బిగించడానికి జపాన్ నుంచి ఇంజినీర్లు వస్తారు. వాళ్ళ మాట మన వాళ్ళకు, మన మాట వాళ్ళకు చెప్పడం నా పని. వాళ్ళలో ఒకాయనది దక్షిణాన చిట్టచివర ఉండే ఇషిగాకి దీవి. ఒకరోజు భోజనాల దగ్గర తన ఊరి వీడియో ఒకటి చూపించాడు. మోకాలి లోతు సముద్రంలో ఒక బర్రె, పైకప్పున్న బండిని లాగుతూ నిదానంగా నడుస్తోంది. నేను ఆ వీడియో ఫోన్లోకి పంపించుకుని ఇంటికి తెచ్చాను.

అక్క అప్పుడు పాల క్యాన్లు కడుగుతోంది. చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"ఇది బర్రెనే గదనే?"

"బర్రెనే."

"మరి సముద్రంల దానికేం పని?"

"ఈ దీవి నుంచి అవతలి దీవికి జనాలను తీసుకపోతది."

అక్క దాన్ని నాలుగు సార్లు చూసింది. "మనయి సాగర్ల దిగితే బయటికి రమ్మన్నా రావు. ఇది గింత నిమ్మళంగ ఎట్ల నడుస్తుందో" అని తనలో తను అనుకుంది. క్యాన్లన్నీ కడగడం అయ్యాక నా దగ్గరికి వచ్చి, "జర నాకు చూపిస్తవా అది, ఎప్పుడన్న?" అంది.

ఊహ తెలిసినప్పటి నుంచి అక్క నన్ను ఏదీ అడగలేదు. అదే మొదటిసారి.

పాస్‌పోర్టు, వీసా, నా సెలవు, బర్రెలను చూసుకునే మనిషి, అన్నీ కుదరడానికి రెండేళ్ళు పట్టింది. పక్కింటి పెద్దమ్మ బర్రెలను చూసుకుంటానని ఒప్పుకుంది. రోజంతా మా ఇంటి మీదుగా విమానాలు పోతూనే ఉంటాయి. విమానాశ్రయంలో పనిచేసే ఎంతోమంది ఇళ్ళలో అక్క పోసిన పాలే తాగుతారు. అయినా తను ఎన్నడూ ఆ అద్దాల తలుపులు దాటి లోపలికి పోలేదు.

ప్రయాణానికి ముందు నెలలో అక్క కొంచెం నల్లబడింది. క్యాన్లు ఎత్తడానికి పెద్దమ్మను సాయం పిలుస్తోంది. ఎండలు ముదిరాయి, అందుకే అనుకున్నాను.

ఢిల్లీలో ఒక విమానం, టోక్యోలో ఒక విమానం మారి ఇషిగాకిలో దిగాం. మొదటి రోజు కబీరా తీరానికి తీసుకుపోయాను. అక్కడి నీళ్ళు ఒడ్డున పాలలా తెల్లగా మొదలై, లోపలికి పోయేకొద్దీ ఆకుపచ్చగా, ఆ తర్వాత చిక్కటి నీలంగా మారుతాయి. మధ్యలో చెట్లు కప్పిన చిన్న చిన్న గుట్టలు. అడుగున అద్దం బిగించిన పడవలో కూర్చుంటే కిందనున్న పగడాలు, వాటి సందుల్లో దూరే పసుపు చేపలు కనిపిస్తాయి. అక్క అద్దం మీదికి వంగి చూసింది. "లోపల ఇంకో అడివి ఉందే" అంది. పడవ దిగాక పైన గుట్ట మీది నుంచి అఖాతం మొత్తం కనిపిస్తుంది రమ్మన్నాను. ఇక్కడి నుంచే బాగుందని బెంచీ మీద కూర్చుండిపోయింది.

మర్నాడు తకెతోమి దీవి. పావుగంట పడవ ప్రయాణం. ఎర్ర పెంకుల ఇళ్ళు, పగడపు రాళ్ళు పేర్చిన ప్రహరీలు, ఇంటి కప్పుల మీద మట్టితో చేసిన సింహాలు. వీధులన్నీ తెల్లటి ఇసుక. ఊరివాళ్ళు పొద్దున్నే ఎవరి ఇంటి ముందు వాళ్ళు ఊడ్చుకుంటారట, చీపురు గీతలు ఇంకా అలాగే ఉన్నాయి. అక్క ఆ గీతలు తొక్కకుండా గోడ వారగా నడిచింది. ఒక చోట ఇసుకలో అరచేయి అద్దితే సన్నని రేణువులు అంటుకుంటాయి. పరీక్షగా చూస్తే ఒక్కొక్కటి నక్షత్రం ఆకారంలో ఉంటుంది. అవి ఇసుక రేణువంత చిన్న సముద్రపు జీవుల గుల్లలు. అక్క చాలాసేపు అరచేతిని చూసుకుని, మళ్ళీ ఇసుకలోకే దులిపేసింది. నేను మరో రెండు చోట్లకు వెళ్ళాలని ప్లాన్ వేసుకున్నాను. అక్క లేవలేదు. "నువ్వు సూసి రాపో" అంది. నాకు లోపల్లోపల చిరాకు మొదలైంది. ఇంత దూరం వచ్చి ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటుందేమిటని.

మూడో రోజు ఇరియోమొతె దీవికి పోయి, దాని పక్కనున్న యుబు అనే బుల్లి దీవికి బర్రె బండి ఎక్కాం. అక్క ముందు వరసలో కూర్చుంది. బండి తోలే ముసలాయన బర్రె కొమ్ముకు ఒక ఎర్ర మందారం పెట్టాడు. సముద్రం మధ్యకు చేరాక మూడు తీగల వాయిద్యం ఒకటి తీసి మెల్లగా పాడటం మొదలుపెట్టాడు. పాట సగంలో ఉండగా బర్రె ఆగిపోయింది. ఆయన అదిలించలేదు. పాట ఆపకుండా కూర్చున్నాడు.

"అడుగవే, కొడతడా దీన్ని?" అని అక్క నన్ను పొడిచింది.

అడిగాను. ఆయన నవ్వి, దారి దానికే బాగా తెలుసు, అలసట కూడా దానికే తెలుస్తుంది, కొట్టడమెందుకు అన్నాడు. అక్కకు చెప్పాను.

"మంచోడు" అంది అక్క. "కొమ్ములు మనోటి కంటె వెడల్పున్నయి చూడు. పాలకు పెద్దగ పనికిరాదనుకుంట. మనిషి మాట మాత్రం మస్తు వింటది."

దిగాక అక్క ఆ బర్రె దవడ కింద గోకింది. అది మెడ పైకెత్తి కళ్ళు సగం మూసింది. మా అక్కకు ఊళ్ళో ఆరు బర్రెలున్నాయని ముసలాయనకు చెప్పాను. ఆయన టోపీ తీసి అక్క ముందు వంగాడు. అక్క దండం పెట్టింది. ఇద్దరూ కాసేపు అలాగే నవ్వుకుంటూ నిలబడ్డారు. నా అవసరం వాళ్ళకు లేకపోయింది.

ఒకప్పుడు తుపానుకు ఆ దీవి మునిగితే ఊరంతా ఖాళీ చేసి పోయిందట. ఒక ముసలి జంట మాత్రం ఉండిపోయి, ఒక్క బర్రెతో మట్టి మోయించి చెట్లన్నీ నాటారట. అది చెబితే అక్క, "అందరు పోయినంక ఆ ఇద్దరికి ఎట్ల తోచిందో పాపం" అని ఆ కొబ్బరి, ఈత జాతి చెట్లకేసి చూస్తూ నడిచింది. ఆ రోజంతా అక్క బాగా ఉంది.

నాలుగో రోజే జలపాతం. పడవలో నది మీద పైకి పోవాలి. రెండు వైపులా మడ చెట్లు, నీళ్ళలోకి దిగిన వాటి వేర్లు. పడవ దిగాక ముప్పావుగంట అడవిలో నడక. అక్క పదిహేను నిమిషాలు నడిచింది. ఒక ఎత్తు ఎక్కి ఆగింది. ఇంకొంచెం నడిచి మళ్ళీ ఆగింది. మోడు కనిపించగానే దాని మీద కూలబడింది.

"నువ్వు పోయిరా చెల్లె. నేనీడ్నే కూసుంట."

లోపల దాచుకున్న చిరాకంతా అప్పుడు బయటికి వచ్చింది. "నడువ చేతగాకపోతే ఇంత దూరం ఎందుకొచ్చినవే? ఎక్కడికి పోయినా కూసునుడేనా? ఇగ నీతోని ఎక్కడికీ రావొద్దు నేను" అన్నాను.

అక్క నావైపు చూసింది. కోపం లేదు. "నిజమే బిడ్డా" అంది. "నువ్వు పో. మళ్ళ పడవ పోతది."

నేను పోయాను. వెనక్కి తిరిగి చూడకుండా పోయాను. జలపాతం మెట్లు మెట్లుగా దూకుతోంది. గొప్పగా ఉంది. ఫోటోలు తీసుకుని తిరిగివచ్చేసరికి ఎవరో జపాన్ దంపతులు అక్క పక్కన కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోసి ఇస్తున్నారు. అక్క వాళ్ళతో తెలుగులో మాట్లాడుతోంది. నన్ను చూసి లేచి నిలబడి, "బాగుందానే?" అని అడిగింది. నేను ముభావంగా ఊ అన్నాను.

తిరిగివచ్చిన పది రోజులకు అక్క బర్రెల కొట్టంలో పడిపోయింది. దవాఖానకు తీసుకుపోయాం. అక్క పాలు పోసే ఇళ్ళలో ఒకామె నర్సు. సంగతి తెలిసి ఆమె పరుగెత్తుకొచ్చింది. బయట వరండాలో నా చేయి పట్టుకుని అసలు విషయం చెప్పింది. ప్రయాణానికి నెల ముందు మెట్ల మీద అక్కకు ఊపిరాడకపోతే ఆమే డాక్టరుకు చూపించింది. గుండె కవాటం బాగా దెబ్బతింది, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. అక్క ఒక్క నెల ఆగమంది. చెల్లెకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

లోపలికి వెళ్ళి అక్క మంచం పక్కన కూర్చున్నాను.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే తీసుకపోతుంటివా?"

"పోకపోతే ఏమయ్యేది? తర్వాత పోతుంటిమి."

"ఆపరేషనైనంక ఎట్లుంటనో ఎవలకెరుక. నువ్వు రెండేండ్లు తిరిగి కుదిర్చినవు." కాసేపు ఊపిరి తీసుకుంది.

"అక్కా, ఆ అడివిల నేను నిన్ను..."

"ఆ బర్రె నడి సముద్రంల ఆగింది చూడు," అని నా మాటకు అడ్డం వచ్చింది. "ఆ ముసలాయన ఏం అనలే. ఎంత నెమ్మది మనిషో."

నన్ను ఆ మాట పూర్తిచేయనివ్వలేదు. మళ్ళీ మొదలుపెడదామనుకునేలోపు ఆపరేషన్‌కు తీసుకుపోవడానికి స్ట్రెచర్ వచ్చింది. ఆపరేషన్ తర్వాత అక్క తొమ్మిది రోజులు ఉంది. కళ్ళు తెరిచింది, చేయి నొక్కితే తిరిగి నొక్కింది. మాట మాత్రం రాలేదు. పదో రోజు తెల్లవారుతుండగా పోయింది.

ఆ నెల రోజులు ఆలస్యం కాకపోతే బతికేదా అని డాక్టరును అడిగాను. ఆయన "చెప్పలేమమ్మా" అన్నాడు. ఏదో ఒకటి కచ్చితంగా చెబితే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

కర్మ అయ్యాక ఫోన్లో ఫోటోలు చూసుకున్నాను. తొంభైకి పైనే ఉన్నాయి. నిలబడి ఉన్న ఏ ఒక్క ఫోటోలోనూ అక్క దేన్నో ఒకదాన్ని పట్టుకోకుండా లేదు. గోడ, చెట్టు, పడవ అంచు, సెల్ఫీల్లో నా భుజం. అన్నిటిలోనూ నవ్వుతోంది. అవి తీసింది నేనే. తీస్తున్నప్పుడు వెనకనున్న సముద్రం సరిగా పడిందా లేదా అని మాత్రమే చూశాను.

బర్రెలను కొన్న మామిడిపల్లి వాళ్ళు వాటిని తోలుకుపోయిన రోజు పక్కింటి పెద్దమ్మ వచ్చి నా దగ్గర కూర్చుంది. కాసేపు ఖాళీ కొట్టం చూసి, జపాన్ సంగతి ఎత్తింది.

"వచ్చిన పొద్దు నాకు అంత చెప్పింది మీ అక్క. ఆ నీళ్ళు, ఆ ఇసుక, ఆ బర్రె బండి. నీ గురించే ఎక్కువ చెప్పింది. నేను నడువలేకపోతుంటే చెల్లె నాకోసం ఆగి ఆగి నడిచింది పెద్దమ్మా, ఒక్క మాట అనలే, అన్నది."

కాదని చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను. ఆమె నా తల నిమిరి, "మంచిగ చూసుకున్నవు బిడ్డా" అని లేచి వెళ్ళిపోయింది.