అక్క పార, నా అతుకు

ఇన్నేళ్ళుగా ఒక పారను మోస్తున్నాను. అది నాది కాదు, మా అక్కది. నేనెవరో మీకు తెలియదు కనుక మీకే చెప్పుకుంటున్నాను.

మాది పెడనలో మగ్గాల ఇల్లు. అక్కను చల్లపల్లి దగ్గర ఒక ఊరికి ఇచ్చాం. అక్కడ కరెంటు వచ్చిన కొత్తలో, పెరటి తోటకు నీళ్ళు తోడేందుకు బావ చిన్న మోటారు కొన్నాడు. తోట మాత్రం అక్కది. మల్లెపాదులూ వంగమళ్ళూ అన్నీ ఆవిడ చేతివే. మోటారు బావి దగ్గర, ప్లగ్గు వసారాలో. వైరు చాలలేదు. నేనున్నానుగా. అక్క మల్లెతీగలు పెంచింది, నేను కరెంటు తీగ పెంచాను.

ఎలా? మగ్గం మీద పోగు తెగితే అతికినట్టే. కొసలు మెలిపెట్టి, నూలు చుట్టి, గంజి అద్దాను. చూడముచ్చటగా కుదిరింది. నూలు నీళ్ళు తాగుతుందని పుట్టిన దగ్గర్నుంచీ తెలిసినవాణ్ణి, ఆ అతుకును తీసుకెళ్ళి నీటి కాలువలో పడుకోబెట్టాను. ఏమనుకుని? ఏమీ అనుకోలేదు. నా పనితనం చూసుకుని మురుస్తున్నాను.

మర్నాడు బావ చెప్పుల్లేని కాళ్ళతో ఆ వైరును పక్కకు జరపబోయి, వంగమడిలో పడ్డాడు. అక్క ప్లగ్గు పీకి బావ దగ్గరకు పరిగెత్తింది. నేను అతుకు దగ్గరకు పరిగెత్తి, నూలు ఊడదీసి జేబులో కుక్కుకున్నాను.

"ఏమోయ్, నీ అతుకేనా?" అన్నాడు బావ, కాలిన చెయ్యి పట్టుకుని.

"నా అతుక్కేం బావా? పార తగిలి తెగినట్టుంది."

అక్క తన చేతులు చూసుకుంది. "నిజమేనేమోనండీ. పొద్దున పాదులు తవ్వింది నేనేగా."

"సర్లే, ఇకనుంచి తోట నేను చూసుకుంటా," అన్నాడు బావ, కోపం లేకుండానే. పార అటకెక్కింది. అక్క వసారాలో ఆగిపోయింది.

బావ చెయ్యి మానింది. తోట పచ్చగా ఉంది, మేమందరం బాగానే ఉన్నాం. ఇప్పుడక్కడ అతుకు లేని ఒకే రబ్బరు వైరు, తడి తగలకుండా గుంజల మీదుగా వెళ్తుంది. ప్లగ్గు తీయకుండా ఎవరూ దాన్ని ముట్టుకోరు. ఆ చాదస్తమంతా నాదే. "కరెంటంటే మా తమ్ముడికి ఎంత శ్రద్ధో," అని అక్క మురిసిపోతుంది, బావ కోసి తెచ్చిన మల్లెలు వసారాలో కూర్చుని మాల కడుతూ. నేను కాఫీ తాగుతూ వింటాను. ఆ కాఫీ బాగానే ఉంటుంది కూడా. అదే నా బాధ.

ఆవిడకు చెప్పగలనా? తెలియదు. ఇది రాశాక మాత్రం, ఆ పారను ఆవిడ పేరు మీంచి తీసి నా పేరున పెట్టుకున్నట్టుంది. బరువు తగ్గలేదు. కాకపోతే ఇప్పుడు నా బరువే మోస్తున్నాను.