ఫస్ట్ ఓల్డ్‌క్లాస్

మా బావ మాటలతో గొడవ పెట్టుకునే మనిషి కాదు. మా అక్కతోనే ఎన్నడూ పెట్టుకోలేదు, ఇంక మాటలతో ఏం పెట్టుకుంటాడు! అలాంటివాడి ఉద్యోగాన్ని ఒకే ఒక్క మాట మింగేసింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆయన ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పని చూసేవాడు. గుమాస్తాల గదిలో, జిరాక్స్ మిషన్‌కీ గోడకీ మధ్య ఇరికించిన బల్ల ఆయనది. మార్కులు కూడి, పాసో ఫెయిలో తేల్చి, పట్టాలు అచ్చేసే ప్రోగ్రాం వయసులో ఉండగా తనే రాశాడు. అందులో విద్యార్థిది ఫస్ట్ క్లాసో సెకండ్ క్లాసో చెప్పాల్సిన ప్రతిచోటా 'క్లాస్' అనే పేరు పెట్టుకున్నాడు. మరేం పెడతాడు, గాడిదగుడ్డు అని పెడతాడా?

కొన్నాళ్లకి ఆ ప్రోగ్రామింగ్ భాషకి కొత్త వెర్షన్ వచ్చింది. అందులో 'క్లాస్' అనే మాటని భాషే తన సొంత పనికి తీసేసుకుంది. ఇక ఎవరూ దాన్ని దేనికీ పేరుగా పెట్టకూడదట.

"అదేం దౌర్జన్యం బావా? ముందు పెట్టుకుంది నువ్వు కదా!" అన్నాను. నేను ఇన్వర్టర్లు బాగుచేసుకునేవాణ్ణి, నాకు తెలిసిన న్యాయం అంతే.

"భాష వాళ్లదిరా. వాళ్లకి కావాలంటే తీసుకుంటారు. పేరు మార్చుకోవాల్సింది మనమే," అన్నాడు, ఇల్లు ఖాళీ చెయ్యమన్నప్పుడు అద్దెకున్నవాడు మాట్లాడినట్టు.

మార్చుకోలేదు. పాత వెర్షన్ ఉన్న పాత కంప్యూటర్‌నే దుమ్ము తుడుచుకుంటూ ఏళ్ల తరబడి నెట్టుకొచ్చాడు. ఒకరోజు అది కన్నుమూసింది. కొత్తగా కొన్నవాటిలో కొత్త వెర్షన్ తప్ప ఇంకోటి ఎక్కదు. కాలేజీ కార్యదర్శి ఆయన్ని పిలిపించాడు.

"పట్టాలిచ్చే రోజుకి ఇది నడిస్తే మీరుంటారు. లేదంటే బయటి కంపెనీకి ఇచ్చేస్తాం."

బావ యాభై దాటిన మనిషి. ఆ ఒక్క భాష తప్ప ఇంకోటి రాదు.

ప్రోగ్రామంతా చదువుతూ ఒక్కోచోటా పేరు మార్చడం మొదలుపెట్టాడు. సగం కాకముందే గడువు ముంచుకొచ్చింది. భయపడ్డాడు. 'క్లాస్' ఎక్కడ కనిపించినా 'ఓల్డ్‌క్లాస్' అని మార్చెయ్యమని కంప్యూటర్‌కి ఒకే ఆజ్ఞ ఇచ్చేశాడు. ప్రోగ్రాం నడిచింది. మార్కుల కూడికలన్నీ సరిపోయాయి. ఆ పూట అక్కతో జోకులేశాడు కూడా, నేను అక్కడే ఉన్నాను.

పట్టా మీద అచ్చయ్యే మాటల్లోనూ ఆ పదం ఉందని ఆయనకి తట్టలేదు. ఏది తను పెట్టిన పేరో, ఏది జనం చదివే మాటో కంప్యూటర్‌కేం తెలుసు? అన్నిటినీ కలిపి మార్చేసింది. వేదిక మీద పట్టా అందుకున్న కుర్రాడు మైకు దగ్గరే చదివాడు, తను 'ఫస్ట్ ఓల్డ్‌క్లాస్'లో పాసైనట్టు. హాలంతా గొల్లుమంది. ఒక తండ్రి ఒంటికాలి మీద లేచాడు. కార్యదర్శి మాత్రం నవ్వలేదు.

"ఒక్కటంటే ఒక్క పట్టా తీసి చూసుకోవాల్సింది కదండీ," అంది అక్క.

"మార్కులు చూశానే. మాటలు మారిపోతాయనుకోలేదు."

బయటి కంపెనీ వచ్చేసింది. బావకి మిగిలిన పని ఒకటే, తప్పుడు పట్టాలన్నీ సరిచేసి మళ్లీ అచ్చుతీసి వెళ్లిపోవడం. ఒక పూట పని. ఆయన దాన్ని రోజుల తరబడి లాగాడు. ఒక్కోటి తీసి, అక్షరం అక్షరం చదివి, ఇంకు పలచగా పడిందని మళ్లీ తీసేవాడు. గుమాస్తాలు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు.

"ఇంకా ఎన్నాళ్లు బావా?" అన్నాను ఒకసారి వెళ్లి.

"తప్పులుండకూడదు కదరా," అన్నాడు తలెత్తకుండా.

ఎక్కడా తప్పుల్లేవు. ఆ కాగితాలున్నంతకాలమే తనకి ఆ బల్ల ఉంటుంది, అంతే. నాకు ఏడుపొచ్చింది. ఏదో పనుందని చెప్పి వచ్చేశాను.

మర్నాడు ఒకమ్మాయి జిరాక్స్ మిషన్ పక్కన వచ్చి నిలబడిందట. "అంకుల్, రేపు నాకు ఇంటర్వ్యూ ఉంది. పట్టా లేకుండా రానివ్వరట," అందట. బావ ఆమె పట్టా తీసిచ్చాడు. తర్వాత ఆగకుండా మిగతావన్నీ తీసేసి, బల్ల తాళంచెవి గుమాస్తా చేతిలో పెట్టాడు.

ఎండలో నడిచొచ్చిన ఆయన్ని చూసి అక్క, "ఇవాళ ఇంత తొందరగా వచ్చారేంటి?" అంది.

"అయిపోయింది," అన్నాడు బావ చెప్పులు విప్పుతూ. "ఆ పిల్లకి ఉద్యోగం కావాలటే."