బొమ్మకు చేతులు వచ్చిన గురువారం

షెడ్డు తలుపు తోసి, ఆ బొమ్మకు చేతులు ఉండటం చూసిన క్షణమే నా పొరపాటు నాకు తెలిసిపోయింది. ఇది ఆరేళ్ళ కిందటి మాట. ఇవాళ సాయంత్రం ఆరో తరగతి చదువుతున్న మా పెద్దమ్మాయి, స్కూలు ప్రాజెక్టు కోసం గ్రీకు దేవతల శిల్పాల బొమ్మలు కత్తిరించి అతికిస్తూ, చేతుల్లేని ఆఫ్రొడైటి దగ్గర ఆగింది. "అమ్మా, ఈవిడకి చేతులుండేవి కదా?" అని అడిగింది. గమ్ము ఆరిపోతోంది, ముందు అతికించు అన్నాను. పిల్లలు పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను.

అప్పటికి మేం ఈ ఎడారి దేశానికి, ఘుబ్రాకి వచ్చి ఏడాది. మావారు సైట్ ఇంజనీరు. వారమంతా దూరంగా ఇబ్రా ఊళ్ళో డ్యూటీ, గురువారం మధ్యాహ్నానికి ఇల్లు చేరేవారు. వాళ్ళ కంపెనీ ఒక పెద్దమనిషికి విల్లా కడుతోంది. దాని హాలు కోసం ఆయన ఇటలీ నుంచి గ్రీకు దేవతల బొమ్మలు ఆరు తెప్పించుకున్నాడు. అన్నీ పేరున్న శిల్పాలకు ప్లాస్టరులో పోసిన నకళ్ళే. విల్లా పూర్తికాలేదు గనక వాటిని మా బిల్డింగు వెనక కంపెనీ షెడ్డులో దింపారు. ఓడ కుదుపులకి ఒకరికి ముక్కు, ఒకరికి మడమ పెచ్చులూడాయి. అవి సరిచేయడానికి జగిత్యాల వైపు మనిషిని ఒకాయన్ని పెట్టారు. కాగితాల్లో ఆయన కూలీ. నిజానికి సీలింగులకు పూలూ లతలూ పోసే పనివాడు. ఈ బొమ్మలు బాగుచేస్తే ఆ సీలింగుల మోల్డింగ్ పనిలోకి మారుస్తామని కంపెనీ మాట ఇచ్చింది. మూడేళ్ళు ఎండలో సిమెంటు బ్లాకులు మోసినవాడికి అది చిన్న మాట కాదు. మా పిల్లలు ఆయన్ని బొమ్మల మామయ్య అనేవారు.

నేను డిగ్రీలో చరిత్ర చదివాను. పెళ్ళయినప్పటి నుంచీ ఆ చదువు సంగతి అడిగిన నాథుడు లేడు. ఆ షెడ్డులో మాత్రం, తడి ప్లాస్టర్ వాసన మధ్య, రేకుల వేడికి చెమటలు కారుస్తూ కూడా, పిల్లలతో వెళ్ళి ఆయనకి రోజూ ఒక దేవుడి కథ చెప్పేదాన్ని. "గీ గడ్డపాయన ఎవరక్కా?" అని ఆయన అడిగితే, జియస్, పిడుగులు వేస్తాడు అన్నాను. "అయితె మన ఇంద్రుడే. పరాయి దేశంల గడ్డం గీసుకునుడు బంద్ వెట్టిండు" అని నవ్వాడు. శిరస్త్రాణం పెట్టుకున్న అథీనాను చూసి, "గీమె మా క్యాంపు సెక్యూరిటీ లెక్కనే. నవ్వు మొకమే లేదు" అన్నాడు. మా చిన్నది ఆవిడకి రోజూ సెల్యూట్ కొట్టేది.

ఒక మంగళవారం, స్కూలు బస్సు కోసం నేను హడావుడిగా గేటువైపు వెళ్తుంటే, ఆఫ్రొడైటి బొమ్మ పక్కనుంచి పిలిచాడు. "అక్కా, గీమె చేతులు పెట్టెల లెవ్వు. గడ్డి మొత్తం దులిపిన. ఎట్లుంటుండె చేతులు?" ఎవరైనా అడిగితే చాలు నాకు పాఠం తన్నుకొచ్చేది. ఒక చెయ్యి జారుతున్న బట్టను పట్టుకుని ఉండేదని కొందరంటారు, రెండో చేతిలో పండు ఉండేదంటారు అని నిలబడి చెప్పాను. అసలు శిల్పానికే ఆ చేతులు దొరకనే లేదనీ, లోకమంతా ఆమెను అలాగే చూడటానికి అలవాటు పడిందనీ చెప్పబోతుంటే బస్సు హారన్ వినిపించింది. "ఇరిగిన దేవతను ఇంట్ల వెట్టుకోరాదు గదక్కా" అన్నాడు వెనకనుంచి. వెనక్కి తిరిగి అవునన్నట్టు తలూపి పరుగెత్తాను. ఆ తలూపడం నాకు ఇప్పటికీ మెడలో నొప్పిలా తెలుస్తుంది.

గురువారం పొద్దున పిల్లలతో వెళ్ళేసరికి ఆవిడకి చేతులు వచ్చాయి. పెద్దది చప్పట్లు కొట్టింది. అవి దేవత చేతులు కావు. కణుపులు లావుగా ఉన్నాయి. పండు పట్టుకున్న వేళ్ళు ఆకు చుడుతున్నట్టు దగ్గరికి ముడుచుకుని ఉన్నాయి. "మా ఆమె చేతులక్కా. బీడీలు చేస్తది. మూడేండ్లాయె జూడక. కండ్లు మూసుకుంటే మొకం కంటె ముందు చేతులే కనవడ్తయి" అన్నాడు. తర్వాత, "ఎట్లున్నయి?" అని అడిగాడు. ప్లాస్టర్ ఇంకా తడిగానే ఉంది. తీసెయ్యమంటే పది నిమిషాల పని. ఆయన ముఖం చూసి, "బాగున్నాయి" అన్నాను.

మావారు వచ్చాక చెబుదామనుకున్నాను. ఆయన అలసిపోయి వచ్చి పడుకున్నారు. రేపు చెబుదామనుకున్నాను. శుక్రవారం పొద్దున్నే విల్లా యజమాని కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. ఆయన అరవలేదు. చాలాసేపు బొమ్మ చుట్టూ తిరిగి, ఎవరు చేశారని మాత్రం అడిగాడు. మెప్పు కోసం బొమ్మల మామయ్య ముందుకు వచ్చాడు, "నేనే సార్" అన్నాడు. ఆ పెద్దమనిషి మావారికేసి తిరిగి, ఈ మనిషి ఇక నా పనిలో వద్దు, ఇంటికి పంపించెయ్యండి అని ఇంగ్లీషులో అన్నాడు.

"నీకెవరు చెప్పారయ్యా చేతులు పెట్టమని?" మావారు అడిగారు. బొమ్మల మామయ్య నావైపు ఒక్కసారి చూశాడు. "ఎవరు జెప్పలే సార్. నాకే అనిపిచ్చింది." నేను చిన్నదాని చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. నా మాట వల్లేనని ఒప్పుకుని ఉంటే, ఇంజనీరు భార్య తెలివితక్కువగా మాట్లాడిందని నవ్వి వదిలేసేవారేమో. కానీ మావారి ఉద్యోగం, పిల్లల స్కూలు, ఈ ఇల్లు అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. ఆ చేతుల్ని బొమ్మల మామయ్య చేతే రంపంతో కోయించారు. ఆ సాయంత్రమే కంపెనీ వ్యాను ఆయన్ని ఎక్కించుకుపోయింది.

"బొమ్మల మామయ్య ఏడీ?" అని మర్నాడు పొద్దున పిల్లలిద్దరూ షెడ్డు తాళం పట్టుకుని వేలాడారు. సెలవు మీద ఊరెళ్ళాడు, వాళ్ళావిడని చూడటానికి అన్నాను. ఎప్పుడొస్తాడంది పెద్దది. రెండు నెలల్లో అన్నాను. అది ఇంట్లోకి పరుగెత్తి, గోడ మీద క్యాలెండరులో రెండు కాగితాలు ఎత్తి చూసి, "దగ్గరేనా అమ్మా?" అంది. "దగ్గరేనమ్మా, రెండు కాగితాలు తిప్పితే చాలు" అన్నాను. ఆ గోడ మీద అప్పటినుంచి ఆరు క్యాలెండర్లు మారాయి. ఆ రెండు నెలలు మాత్రం మా ఇంట్లో ఇంకా అయిపోలేదు.