స్వీపర్ మనవరాలి క్యాసెట్

మొన్న మా అమ్మాయి ఫోన్ ఆటలో ఏదో బంగారు కత్తి కొనిపించుకుని, అది రెండు దెబ్బలకే మాయమైపోయిందని గంటసేపు ఏడ్చింది. ఓదార్చాల్సింది పోయి నాకు నవ్వు ఆగలేదు. నవ్వకేం చేస్తాను? ఆ ఏడుపులో నేను దానికంటే చాలా సీనియర్ని.

నా చిన్నతనంలో నేను కొనిపించుకుని ఏడ్చిన వీడియో గేమ్ క్యాసెట్లు మూడు. మొదటిదాని మీద తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలు అని రాసి ఉంది. ఇంటికి తెచ్చి పెడితే లోపల ఉన్నవి నాలుగే. ఆ నాలుగే పేర్లు మార్చుకుని, రంగులు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చాయి. నేను మొండిదాన్ని కదా, ఐదోది ఎక్కడైనా దొరక్కపోతుందా అని వరసగా తెరుస్తూ పోయాను. వేళ్లు నొప్పి పుట్టాయి గానీ ఐదోది దొరకలేదు. రెండోదాని మీద మంటలు చిమ్మే మోటార్ సైకిల్ బొమ్మ. లోపల చూస్తే ఒక ముసలాయన గాలం వేసుకుని చేపలు పడుతున్నాడు. మోటార్ సైకిల్ ఎప్పటికైనా వస్తుందని ఆశపడి ఆయనతో పాటు రెండు వారాలు చేపలు పట్టాను. రాలేదు, దరిద్రం.

మూడోది మైన్ స్వీపర్. దాన్ని ఆట కోసం కొనిపించుకోలేదు. పరువు కోసం కొనిపించుకున్నాను.

మాది కె.జి.ఎఫ్. బంగారు గనుల దగ్గర కోరమండల్. మా తాత, అంటే నాన్నకు నాన్న, మైన్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. గని కార్మికులకు వరసగా కట్టిన మా లైన్ ఇళ్లలో ఎవరి తాతను చూసినా మైన్స్ తాతే. నేను బడికి పోయే నాటికి మైన్స్ మూతపడ్డాయి గానీ, కింద ఎవరి తాత ఏం పని చేశాడన్న గొప్పలు మాత్రం పిల్లల మధ్య మూతపడలేదు. రాతికి బొరియలు కొట్టే డ్రిల్లర్ మనవడంటే వాడి నడకే వేరు. మనుషుల్ని కిందికి దించే కేజ్ నడిపినవాడి మనవరాలంటే ఇంకా గొప్ప. మా తాత స్వీపర్. ఆయన పని పేరు అదే.

బడిలో స్వీపర్ అంటే పొద్దున్నే వరండా ఊడ్చే ఆమె అని మాత్రమే మాకు తెలుసు. ఆ పనిలో తక్కువేముందని ఇప్పుడైతే ఎవరినైనా నిలదీస్తాను. అప్పుడు నాకు పదేళ్లు, బుద్ధి దానికి తగినంతే. మా పక్క లైన్‌లో ఒక డ్రిల్లర్ మనవడు ఉండేవాడు, నా క్లాసే. వాడు నన్ను పేరుతో పిలిచిన పాపాన పోలేదు. "ఏమే స్వీపర్ మనవరాలా, మీ తాత పాతాళానికి పోయి గూడా చీపురే పట్టినాడంట కదా" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేను వాడి జుట్టు పట్టుకునేదాన్ని, టీచరు నా చెవి పట్టుకునేది. ఆ కోపమంతా ఇంటికి తెచ్చి తాత మీద కుమ్మరించేదాన్ని.

"నువ్వు డ్రిల్లర్ ఎందుకు కాలేదు తాతా?"

"అందరూ డ్రిల్లర్లయితే ఊడ్చేది ఎవురు పాపా?" అని బీడీ ఆర్పకుండానే నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండేది. ఇన్ని చీవాట్లు తిని కూడా నవ్వే మనిషిని ఏం చేయాలి?

ఆ ఏడు నాకు క్లాసులో మొదటి ర్యాంకు వచ్చింది. మా మేనమామది కామసముద్రం, పట్టుపురుగులు పెంచేవాడు. గూళ్లు బాగా అమ్ముడైన సంతోషంలో ఉన్నాడేమో, ర్యాంకు సంగతి వినగానే నన్ను ఆటో ఎక్కించి ఆండర్సన్‌పేట తీసుకుపోయాడు. "నీకేం కావాలో అడుగు పాపా, ఇంగ మామ ఉండాడు" అన్నాడు. నేను అడగడానికి సిద్ధంగానే ఉన్నాను. కార్ల పందెం క్యాసెట్. లైన్ మొత్తంలో ఎవరి దగ్గరా లేనిది. ఆరు నెలలుగా దాన్ని అంగడి అద్దం వెనక చూసి వస్తున్నాను.

అంగడాయన దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు కూడా. అప్పుడు దాని పక్కనున్నది కనబడింది. దాని మీద హెల్మెట్ పెట్టుకున్న మనిషి, చేతిలో పొడుగాటి కర్ర, చుట్టూ చీకటి. కింద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు. కూడబలుక్కుని చదివాను. మైన్. స్వీపర్.

మైన్ అంటే మా ఊళ్లో ఒకటే, బంగారం గని. భూమిలో పాతిపెట్టే బాంబును కూడా మైన్ అంటారని చెప్పేవాళ్లెవరు నాకు? ఆ హెల్మెట్ సైనికుడిదని, ఆ కర్ర బాంబులు వెదికేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు అది మా తాత, ఆయన చీపురు. యాడనో దూరదేశంలో ఎవరో పెద్దవాళ్లు కూర్చుని, డ్రిల్లర్ని కాదని, కేజ్ నడిపేవాణ్ని కాదని, స్వీపర్ని హీరోగా పెట్టి వీడియో గేమ్ చేశారు! కార్ల క్యాసెట్ తిరిగి ఇచ్చేశాను.

"పెట్టి చూపించప్పా" అన్నాడు మామ.

"టీవీ రిపేరు. వాపసు గిపసు లేదు, సెరియా?" అన్నాడు అంగడాయన.

"నాకు చూపించనక్కర్లేదు మామా, అది నాకు తెలిసిందే" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా నెత్తి మీద నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

ఇంటికి తెచ్చి నేనొక్కదాన్నే ముందుగా ఆడి చూసుకుంటే సరిపోయేది. అట్లా చేస్తే నేను నేనెందుకవుతాను? శనివారం బడిలో డ్రిల్లర్ మనవడి ముందు నిలబడి చాటింపు వేశాను. "మా తాత పని మీద వీడియో గేమ్ వచ్చింది. రేపు మా ఇంటికి వచ్చి చూసుకోండి. చూసినాక ఇంగొకసారి నన్ను స్వీపర్ మనవరాలా అని ఎగతాళి చేస్తివో, చూడు."

"చూస్తే చూస్తాంలే. లేకపోతే మటుకు, నువ్వు పెద్దయినా ఆ పేరు పోదు" అన్నాడు వాడు.

ఆదివారం పొద్దున తాతను కూర్చోబెట్టి తల దువ్వాను. ఆయన పాత మైన్స్ హెల్మెట్‌లో మా అమ్మ ఉల్లిగడ్డలు పోసుకునేది. వాటిని నేల మీద గుమ్మరించి, హెల్మెట్ తోమి, తాత తల మీద పెట్టాను. అమ్మ తిట్లు అమ్మవి. తాత సిగ్గుపడిపోయాడు. "ఏమిటికి పాపా ఈ వేషం?" అన్నాడు గానీ తీయలేదు. ఉతికిన చొక్కా వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, టీవీ ముందు కుర్చీలో పెళ్లికొడుకులా కూర్చున్నాడు. ఎనిమిది మంది పిల్లలు వచ్చి నేల మీద సర్దుకున్నారు. ముందు వరసలో డ్రిల్లర్ మనవడు.

క్యాసెట్‌లోకి ఉఫ్ అని ఊది, పెట్టి, స్విచ్ వేశాను.

గళ్లు వచ్చాయి. బూడిదరంగు గళ్లు. గని లేదు, మనిషి లేడు, చీపురు లేదు. లెక్కల పుస్తకంలోంచి ఒక పేజీ చింపి టీవీకి అతికించినట్టుంది. నేను ఏదో ఒకటి నొక్కాను. కొన్ని గళ్లు తెరుచుకుని ఒకట్లు, రెండ్లు కనబడ్డాయి. ఇంకొకటి నొక్కితే ఢాం అని చప్పుడై, నల్లటి గుండ్లు బయటపడి ఆట అయిపోయింది. మళ్లీ నొక్కాను. ఢాం.

"మీ తాత యాడే?" అన్నాడు డ్రిల్లర్ మనవడు. ఇల్లు గొల్లుమంది.

నేను చేతిలోని బటన్ల డబ్బా విసిరికొట్టి ఏడుపు లంకించుకున్నాను. కార్లు పోయినందుకు కాదు. హెల్మెట్ పెట్టుకుని కూర్చున్న తాత వైపు చూడలేక ఏడ్చాను. నేను నవ్వులపాలైతే సరే, నోరు మెదపని ఆయన్ని కూడా వేషం కట్టించి మరీ నవ్వులపాలు చేశాను.

తాత మాత్రం నా వైపు గాని, పిల్లల వైపు గాని చూడటంలేదు. లేచి టీవీ దగ్గరికి పోయి తెర మీదికి వంగాడు. "ఏడుపు తర్వాత పాపా. ఇంగొకసారి పేల్చు" అన్నాడు.

ముక్కు చీదుకుంటూ ఇంకోసారి పేల్చాను. బయటపడ్డ గుండ్ల పక్కన వేలు పెట్టి ఏదో ఎంచుకున్నాడు. ఇంకోసారి పేల్చమన్నాడు, మళ్లీ ఎంచాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వచ్చు.

"ఈ అంకెలు ఊరికే పడలేదు. ఒకటి అంటే దాని చుట్టూ యాడనో ఒక మందు పేలకుండా దాక్కోని ఉండాది. రెండంటే రెండు. ఇదేమి కొత్త ఆటమ్మా, ఇది నా పనే కదా!"

ఎవరూ నవ్వలేదు. తాత అంత గట్టిగా మాట్లాడటం నేనే ఎప్పుడూ వినలేదు.

"కింద రాతికి బొరియలు కొట్టి, మందు కూరి పేలుస్తారు. అన్నీ పేలవప్పా. ఒకటో రెండో బొరియలో మిగిలిపోతాయి. అది చూడకుండా మళ్లీ ఆడనే మిషన్ పెడితే, ఇంగ మనిషి దక్కడు. అందుకని పొగ పోయినాక ముందు స్వీపర్ పోవాల. నీళ్లు కొట్టి, దుమ్మంతా ఊడ్చి, ఒక్కొక్క బొరియలో దీపం పెట్టి చూసి, సరే రాండి అంటే, అప్పుడు వచ్చేది డ్రిల్లర్."

"మా తాత గూడానా?" అన్నాడు డ్రిల్లర్ మనవడు. వాడి గొంతు కొంచెం దిగింది.

"మీ తాతనే చెప్తా ఉండాను! సొరంగం మలుపులో నిలబడుకోని, 'స్వీపరన్నా, రావచ్చునా?' అని అరిచేటోడు. నేను సరే అనేదాకా అడుగు ముందుకు పెట్టింటే ఒట్టు. నాకంటే పెద్దోడు, అయినా అన్నా అనే పిలుస్తా ఉండె."

తర్వాత తాత కుర్చీని ముందుకు లాక్కున్నాడు. బటన్లు నేను నొక్కాను, ఎక్కడ నొక్కాలో ఆయన చెప్పాడు. "దాన్ని ముట్టొద్దు. ఆ మూలది తీయి. ఆగు, ఎంచనీ." ఒక్కొక్క గడికి ఆయన తీసుకున్న టైములో కార్ల పందెం రెండుసార్లు ముగిసేది. నిజం చెప్పాలంటే ఆట పరమ బోరు. కార్ల క్యాసెట్ వదులుకున్నందుకు నాకు ఇప్పటికీ మనసులో పీకుతూనే ఉంటుంది. కానీ ఆ పూట ఎనిమిది మంది పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. చివరి గడి తెరుచుకుని టీవీలో సన్నగా పాట మోగితే అందరం లేచి గెంతాము. తాత హెల్మెట్ తీసి, నుదుటి చెమట తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

పిల్లలు వెళ్లిపోయాక ఉల్లిగడ్డలు ఏరుతూ అడిగాను. "ఇదంతా నాకు ముందే ఎందుకు చెప్పలేదు తాతా?"

"నువ్వు ఎప్పుడు అడిగినావు పాపా? డ్రిల్లర్ ఎందుకు కాలేదని అడిగినావు గానీ, స్వీపర్ ఏం చేస్తాడని అడగనే లేదు కదా" అన్నాడు. మామూలుగానే అన్నాడు, నవ్వుతూనే. నాకు మాత్రం ఎక్కడో గట్టిగా తగిలింది. ఆ ఉల్లిగడ్డలను మళ్లీ హెల్మెట్‌లో పోయబుద్ధి కాలేదు. వేరే బుట్టలో పోసి, హెల్మెట్‌ను గోడకు తగిలించాను.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మా గడప దగ్గర చప్పుడైంది. నేను లోపలి నుంచి చూశాను. డ్రిల్లర్ మనవడు, వాడి వెనక మిగతా పిల్లలు, చెప్పులు విడిచి బయటే నిలబడ్డారు. తలుపు బార్లా తెరిచే ఉంది. మామూలుగా అయితే చెప్పాపెట్టకుండా దూసుకొచ్చే రకం వాడు. ఆ రోజు గడప అవతలే ఆగి, లోపలికి మెడ చాచి అరిచాడు.

"స్వీపర్ తాతా, రావచ్చునా?"

తాత గోడకున్న హెల్మెట్ అందుకుని తల మీద పెట్టుకున్నాడు. కుర్చీలో సర్దుకుని, ఇల్లంతా ఒకసారి చూసి, అప్పుడు పలికాడు.

"సరే, రాండి."