తీసేసిన రెండు లైన్లు

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేవాణ్ణి. బంద్ అంటే విద్యార్థులు వచ్చేవాళ్లు కాదు. సరూర్‌నగర్ నుంచి నడిచి వచ్చే నేనూ, పక్క వీధిలో ఉంటూ అక్కడే పాఠాలు చెప్పే గుంటూరు మేడమూ మాత్రం ఖాళీ క్లాసులో కూర్చుని పోట్లాడుకునేవాళ్లం. రాష్ట్రం గురించి కాదు. ఆ మాట ఇద్దరమూ జాగ్రత్తగా దాటేసేవాళ్లం. మా గొడవ సాఫ్ట్‌వేర్ లైసెన్సుల మీద.

నాది కాపీలెఫ్ట్ పక్షం. నా కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చింది పంచితే మాత్రం ఆ కోడూ అదే షరతుతో బయటపెట్టాలి. ఆవిడది పర్మిసివ్ పక్షం. మార్చుకోండి, దాచుకోండి, అమ్ముకోండి. పైనున్న నా పేరూ, లైసెన్సు లైనూ చెరపకండి, అంతే.

“గట్లెట్ల మేడం? ఎవడో కంపెనీవాడొచ్చి మన కోడ్ తీస్కపోయి తాళమేసుకుంటే ఊకుంటమా?” అని బల్ల చరిచేవాణ్ణి.

“వేసుకోనివ్వండి సార్. నా దగ్గరున్నది ఎక్కడికీ పోదు కదా,” అనేది ఆవిడ, టిఫిన్ డబ్బా మూత తీస్తూ.

ఆ ఉక్రోషంతోనే ఒక ప్రోగ్రాం రాశాను. పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు కరపత్రాలను ఇంటర్నెట్‌లో అందరూ చదవగలిగే అక్షరాల్లోకి మార్చేది. వత్తుల దగ్గర వారం రోజులు తల బాదుకుని, చివరికి ఆవిడ ఎప్పుడో రాసి అందరికీ ఇచ్చేసిన కోడ్ ముక్కను తెచ్చి అతికించాను. పైనున్న రెండు లైన్లూ, ఆవిడ పేరూ లైసెన్సూ, తీసేశాను. తర్వాత పెడదామనుకున్నాను. నిజానికి అనుకోలేదు, ఇప్పుడు రాస్తుంటే అనుకున్నట్టు అనిపిస్తోంది.

ఒక ఆదివారం మా సెంటర్లోనే నా ఉపన్యాసం. పరుల శ్రమను దోచుకోవడం గురించి గంటసేపు దంచాను. అది చాలక కోడ్‌ను తెర మీద చూపించాను. వెనక బెంచీలోంచి ఆవిడ చెయ్యెత్తింది.

“సార్, ఆ మధ్యలో తెలుగులో ఏదో రాసుంది. చదువుతారా?”

కోడ్ రాసేవాళ్లు మధ్యలో తమ కోసం రాసుకునే గుర్తు అది. చదివాను. “ఇక్కడ రావత్తు తన్నేస్తోంది. అమ్మ ఫోన్ చేసింది, మళ్లీ చూద్దాం.”

“మా అమ్మేనండీ,” అంది.

హాలంతా ఘొల్లుమంది. నేను పడిపోని పెన్ను కోసం బల్ల కింద వెతికాను.

తర్వాత మెట్ల మీద పట్టుకుని, “పరేషాన్ల మర్చిపోయిన మేడం,” అన్నాను.

“మర్చిపోలేదు లెండి. అంతా ఉంచి ఆ రెండే తీశారు. నేను అడిగిందే ఆ రెండు,” అంది, నవ్వకుండా. అన్నీ ఇచ్చేసే మనిషికి ఏదీ పట్టదని అంతవరకూ అనుకున్నాను.

ఆ సాయంత్రమే ఆ రెండు లైన్లనూ తిరిగి పెట్టి, ప్రోగ్రాంను మాత్రం నా మొండితనం కొద్దీ కాపీలెఫ్ట్ కిందే విడుదల చేశాను. తన లైసెన్సు దానికి అడ్డు రాదని ఆవిడే చెప్పింది, కాస్త దెప్పుతూ.

చంపాపేట్‌లో కరపత్రాలు టైపు చేసే డీటీపీ ఆయనకు మొదటి సీడీ ఇచ్చి, ఆయన హక్కులు వివరించబోయాను.

“గివన్నీ నాకెందుకన్నా? ‘క్ష’ సక్కగ పడ్తదా, గది చెప్పు.”

పడలేదు. మళ్లీ మేడం దగ్గరికే వెళ్లాను. ఆవిడ పావుగంటలో సరిచేసింది. ఆ పావుగంటా నేను లైసెన్సుల మాటెత్తలేదు.