దేవుళ్ళ పలక

తడి పలక వాసన నాకిప్పటికీ పడదు. మొన్న మనవరాలు పలక కడుగుతుంటే లేచి బయటికి వెళ్ళిపోయాను.

నాయన మార్కాపురంలో పలకలు కోసేవాడు. అంచు విరిగినవి ఇంటికి తెచ్చేవాడు. ఒక వేసవిలో బడి పుస్తకాల్లో గ్రీకు కావ్యాల కథలు చదివి, ఒక పలక నిండా ఆ దేవుళ్ళ పేర్లు, ఇంకో పలక నిండా వీరుల పేర్లు రాశాను.

"రెండు పలకలెందుకమ్మా?" అన్నాడు నాయన దగ్గుతూ.

"దేవుళ్ళు చావరు నాయనా. వీరులు చస్తారు."

నాయన పనికి వెళ్ళాక దేవుళ్ళ పలక మీద చివర ఆయన పేరు కూడా రాసి, గోడకున్న సిలువ కింద గూట్లో దాచాను.

ఆదివారం ప్రార్థనకు ముందు అమ్మ చూసింది. "ఏందిది? సిలువ కింద పరాయి దేవుళ్ళ పేర్లా?" అని పలకను నీళ్ళ తొట్టిలో ముంచి కడిగేసింది.

ఆ వానాకాలంలోనే నాయన పోయాడు. ఆయన పేరు కడిగేసి అమ్మే చంపిందనుకుని ఏళ్ళ తరబడి ఆమెతో సరిగా మాట్లాడలేదు. చంపింది ఊపిరితిత్తుల్లో చేరిన పలకల దుమ్మని తెలిశాక, ఇన్నాళ్ళూ అలా అనుకున్నానని ఆమెతో చెప్పడానికి సిగ్గేసింది.

"నేనేం చేసినానమ్మా నీకు?" అని పోయేముందు కూడా అడిగింది అమ్మ.

"ఏం లేదులే" అన్నాను.