ఆదెన్న మీసమూ ఆరు మూలల గదులూ

అనంతపురంలో మేఘాలకు దారి తెలియదు. తాడిపత్రి రోడ్డు దాకా వచ్చి, సిమెంటు లారీల దుమ్ము చూసి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరుగుతాయి. ఆ రోడ్డులో ఏడాది పొడుగునా నిలిచిన మేఘం ఒక్కటే: సైలెన్సర్లు బాగుచేసే ఆదెన్న మీసం. పొద్దున్నే దానికి వేరుశనగ నూనె పట్టించి, కొసలు మెలితిప్పితే గానీ ఆయన షట్టరు ఎత్తడు.

మీసం తర్వాత ఆయనకు ఇష్టమైనది తేనెపట్టు. ఈగలు కట్టింది కాదు, కార్ల కడుపులోది. ఇంజను వదిలే పొగ సైలెన్సరుకు చేరేముందు కన్వర్టరు అనే డబ్బాలోంచి పోతుంది. అందులో సన్నసన్నటి గదులతో ఒక పింగాణీ దిమ్మె ఉంటుంది. ఆ గదుల గోడలకు పూసిన మందు పొగలోని విషాన్ని విరుస్తుంది. పాత కార్లలోంచి తీసిన దిమ్మెలను ఆదెన్న కంటికి ఆనించుకుని ఆకాశం చూసేవాడు. అక్కడ ఎప్పుడూ ఏమీ ఉండదు. ఆ ఏమీ లేనిదే అన్ని ముక్కలుగా కనబడితే ఆయనకు నిండుగా ఉండేది.

ఆయుధపూజ ముందురోజు ఆయన చేతిలో రెండు దిమ్మెలున్నాయి. ఒకదాని గదులకు నాలుగు మూలలు, ఇంకోదానికి ఆరు. ఎదురుగా స్పేర్ పార్టులమ్మే జయచంద్ర టీ గ్లాసుతో వచ్చి కూర్చున్నాడు.

“ఈ ఆరు మూలల దాంట్లో పొగ సులువుగా పోతాది జయచంద్రా.”

“యాడ చూసినావప్పా? గదంటే నాలుగు మూలలే. మీ ఇంటికెన్ని ఉండాయి?”

“పొగ నడిమధ్యలో ఉరుకుతాది. ఇరుకు మూల దొరికితే చతికిలబడతాది, నీ మాదిరి.”

జయచంద్ర గ్లాసు కింద పెట్టాడు. “పందెమా? ఓడితే మీసం తీసేయల్ల.”

ఆదెన్న చెయ్యి తనంతట తానే మీసం మీదికి పోయింది. “తీసేస్తా. గెలిస్తే నువ్వు రోడ్డు మీద నిలబడి నన్ను గురువా అనల్ల.”

మరునాడు ఆయన గుమ్మడికాయ కోసం వెళ్లినప్పుడు భార్య అక్కమ్మ అంగట్లోని సామాన్లన్నిటికీ పసుపు పెట్టింది. సుత్తులు, స్పానర్లు, దిమ్మెలు, ఏదీ వదల్లేదు.

పూజ అయిన మర్నాడు పందెం. రెండు వైపులా కోసిన నూనె డబ్బాను సాంబ్రాణి నిప్పుల మీద నిలబెట్టారు. డబ్బా మీద దిమ్మె, అడుగున ఊదడానికి బెజ్జం. ముందు ఆరు మూలల దిమ్మె. ఆదెన్న ఊదాడు. పొగ తెల్లకొంగలా నిటారుగా లేచింది. తర్వాత నాలుగు మూలల దిమ్మె. గెలుపు ముందే కనబడటంతో ఆయన గుండెల నిండా గాలి పీల్చి మరీ ఊదాడు. పొగకు పైన దారి దొరకలేదు. వచ్చిన బెజ్జంలోంచే, నిప్పురవ్వలు వెంటబెట్టుకుని, వెనక్కి వచ్చింది.

ఎడమ మీసం ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. కాలిన నూనె వాసనకు రోడ్డు మీద ఆటో ఆపి ఒకాయన అడిగాడు, “బజ్జీలు అయినాయా అన్నా?”

జయచంద్ర మాత్రం పట్టు వదల్లేదు. “ఇది చెల్లదు. నాలుగు మూలల దాంట్లో పసుపు కూరినారు.”

“కూరినామా?” అక్కమ్మ బయటికొచ్చింది. “రెండూ ఒకే పసుపునీళ్ల బిందెలో ముంచినా, ఒకే ఎండలో పెట్టినా. ఈడ చూడు.”

దిమ్మెలు రెండూ ఎండకు పట్టింది. నాలుగు మూలల గదుల్లో పసుపంతా మూలమూలకూ చేరి గడ్డకట్టింది. నలుచదరపు గది చిన్న గుండ్రటి బెజ్జమైపోయింది. ఆరు మూలల గదుల్లో అదే పసుపు గోడలన్నిటికీ పల్చగా, సమంగా, పొద్దుటి ఎండలా పరుచుకుంది.

“కంపెనీలో మందు పూసినా ఇంతే,” అన్నాడు ఆదెన్న, పైపెదవి ఎడమ పక్కను చేత్తో మూసుకుని. “మూలలో గడ్డకట్టిన మందూ దండగే, దారీ ఇరుకే.”

జయచంద్ర చాలాసేపు దిమ్మెలోంచి ఆకాశం చూశాడు. తర్వాత రోడ్డు మధ్యకు పోయి “గురువా” అన్నాడు. లారీ డ్రైవరొకడు బ్రేకు వేసి, “ఎవరప్పా గురువు?” అన్నాడు.

“ఆడ, ఆ సగం మీసమాయన.”

సగం మీసంతో బతకడం ఎవరివల్లా కాదు. మంగలి రామాంజులు కత్తి పట్టుకుని జాలిగా చూశాడు. “పందెం ఓడినావంట గదన్నా.”

“గెలిచినా.”

“గెలిచినోళ్లు ఈడికెందుకు వస్తారన్నా?”

సాక్ష్యానికని ఆదెన్న లాక్కొచ్చిన జయచంద్ర పక్క కుర్చీలోంచి విసుగ్గా అన్నాడు.

“గెలిచినాడు లేప్పా. గొరుగు.”